తొండం చినిగితే మాదిగ తప్పు

ఇంజను విప్పకముందే నాకు తీర్పు చెప్పేశారు.

"బయటి ఆయిలు పోయించిన్రు గద సార్. ఇగ వారంటీ రాదు" అన్నాడు కౌంటరు అవతలి కుర్రవాడు. నా బండి బయట ఎండలో నిలబడి ఉంది. దాని మీద అతను చెయ్యి కూడా వెయ్యలేదు. పద్నాలుగు వేల కిలోమీటర్లు తిరిగిన బండి. కొని రెండేళ్లు నిండలేదు. ఇంజను లోపల్నుంచి బేరింగు అరిగిన శబ్దం, రాళ్లు నమిలినట్టు. పుస్తకంలో వారంటీ అయిదేళ్లని ఉంది.

"ఎవరు పోసిన్రు?" అని అడిగాడు.

"మా బడికాడ షెడ్డు మేస్త్రి."

"ఏ ఊరు?"

ఊరు చెప్పాను. అడవి అంచున కోయగూడెం పేరు అది. ఆ పేరు వినగానే అతని మూతి ఒక పక్కకు పోయింది. "అట్లాంటోళ్లకేం తెలుస్తది సార్. ఏ నూనె దొరికితే ఆ నూనె పోస్తరు. మీరు టీచరై ఉండి గూడ..." అని ఆపేశాడు.

అట్లాంటోళ్లు. ఈ మాట నాకు కొత్త కాదు. మా నాయినని అన్నారు, తాతని అన్నారు. నన్ను అనలేదు, ఎందుకంటే నేను ప్యాంటూ షర్టూ వేసుకుని, జేబులో పెన్ను పెట్టుకుని ఉన్నాను. కానీ ఆ మాట అతని నోట్లోంచి నా మీదుగానే అవతలికి పోయింది.

కారంచేడు గురించో చుండూరు గురించో రాయాల్సిన పుస్తకంలో వీడు ఇంజనాయిలు గురించి రాస్తున్నాడేందని మిత్రులు అనుకోవచ్చు. నేను కూడా అట్లనే అనుకుని చాలారోజులు ఇది రాయలేదు. కానీ ఆరోజు షోరూం నుంచి బండిని ఆటో ట్రాలీ మీద వేసుకుని వస్తుంటే నాకు మా తాత గుర్తొచ్చాడు. తాత జీవితమంతా నూనె తగాదానే.

మా తాత ఖమ్మం మెట్టలో మోట తొండాలు కుట్టేవాడు. ఈ కాలం పిల్లలకు మోట తెలియదు. బావి ఒడ్డున ఎద్దులు ఏటవాలు దారిలో కిందికి నడుస్తుంటే పెద్ద బొక్కెన నీళ్లతో పైకొస్తుంది. దాని కింద ఏనుగు తొండంలాగా పొడుగాటి తోలు సంచి. నీళ్లు ఆ తొండంలోంచే కాలవలో పడతాయి. ఆ తొండం బర్రెతోలుది. చచ్చిన గొడ్డును మోసుకొచ్చేది మేము. తోలు తీసేది మేము. సున్నం నీళ్లలో నానబెట్టి బొచ్చు గీకి, తంగేడు చెక్క వేసి లందలో ఊరబెట్టి, ఆరె పట్టి కోసి కుట్టేది మేము. మా ఇంటి వాసన మీద ఊరంతా ముక్కు మూసుకునేది. ఆ తొండంలోంచి పారిన నీళ్లతో పండిన వడ్లకు మాత్రం ఏ వాసనా రాలేదు వాళ్లకు.

తొండానికి కూలి రూపాయల్లో ఉండేది కాదు. కల్లం కాడ మేర ఇచ్చేవాళ్లు, కుంచాల లెక్కన. దానికి బదులు సంవత్సరమంతా చెప్పులు, వార్లు, పగ్గాలు, తొండం, ఏది తెగినా తాత పోయి కుట్టాలి. అర్ధరాత్రి పిలిచినా పోవాలి. ఇప్పుడు ఆలోచిస్తే అది వారంటీయే. కాగితం లేదు, గడువు లేదు, కిలోమీటర్ల లెక్క లేదు. ఇచ్చినవాడు మాదిగ, తీసుకున్నవాడు ఆసామి.

తోలుకు ఆముదం పట్టించాలి. పట్టించకపోతే ఎండకు బిగుసుకుపోయి మడత కాడ పగులుతుంది. ఆముదం ఇవ్వాల్సింది ఆసామి, రాయాల్సింది జీతగాడు. ఒక ఎండాకాలం ఆసామి ఆముదం ఇయ్యలేదు. తొండం చినిగింది. తాతను పిలిపించి, "తోలు మంచిది గాదురా, మోసం జేసినవ్" అన్నాడట. తాత ఆ చినిగిన తొండాన్ని ఆసామి ముందు పరిచి, రెండు చేతులతో వంచి చూపించాడట. "దొరా, నూనె తాగిన తోలు ఒంగుద్ది. తాగని తోలు ఇరుగుద్ది. సూడుండ్రి, ఇరుగుతాంది."

"నాకే సెప్తావురా" అన్నాడట ఆసామి. ఆ ఏడు కల్లం కాడ మేరలో రెండు కుంచాలు కోత పెట్టారు. తాత ఈ కథ చెప్పినప్పుడల్లా చేతులతో గాలిలో తోలును వంచి చూపించేవాడు. అప్పుడు నాకు ఏడెనిమిదేళ్లు. ఆ చేతులు తప్ప ఇంకేం అర్థం కాలేదు.

తర్వాత బావుల మీదికి ఆయిలింజన్లు వచ్చాయి, కరెంటు మోటార్లు వచ్చాయి. తొండం పోయింది, దాంతోపాటు మేరా పోయింది. మా నాయిన కూలికి పోయాడు. ఆయిలింజను మా వాసన వదిలించిందని కొందరు సంతోషపడ్డారు గానీ, దానితోపాటు వచ్చిన ఇంకో పని మా గూడెంలో ఎవరికీ రాలేదు. ఇంజను బాగుచేసేవాడు వేరే కులపు మేస్త్రి.

ఇగ నా బండి సంగతి. 2019లో నాకు ఉద్యోగమొచ్చింది. మా వంశంలో డిగ్రీ చదివింది నేనే, నెల జీతం తీసుకున్నదీ నేనే. మా బడి ఊరు షెడ్యూల్డు ఏరియా గీతకు ఇవతల ఉంటుంది. రోడ్డు దాటితే ఏజెన్సీ. బస్సు పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి, వస్తే వచ్చినట్టు. 2021లో అప్పు చేసి బండి కొన్నాను. షోరూంలో పదకొండు చోట్ల సంతకం పెట్టించారు. ఇంగ్లీషు కాగితాలు. ఎం.ఏ., బి.ఇడి. చదివినవాణ్ని, ఒక్కటి కూడా చదవలేదు. వెనక కుర్చీలో మా నాయిన కొత్త తువ్వాల వేసుకుని కూర్చుని నేను సంతకం పెడుతుంటే మురిసిపోతూ చూస్తున్నాడు. ఆయన సొసైటీ అప్పు కాగితాల మీద చదవరాక వేలిముద్ర వేసినవాడు. నేను చదవొచ్చీ చదవకుండా వేశాను. ఎవరిది ఎక్కువ తప్పో నాకింకా తేలలేదు.

2022 జులైలో వానలు మీకు గుర్తుండే ఉంటాయి. భద్రాచలం కాడ గోదావరి 71.3 అడుగులకు వచ్చింది. మూడో ప్రమాద హెచ్చరికే 53 అడుగులకు ఇస్తారు. వంతెన మీద రాకపోకలు ఆపారు. మా వైపు గోదావరి లేదు గానీ వాగులన్నీ రోడ్డెక్కాయి. సరిగ్గా ఆ వారంలోనే నా బండి సర్వీసు పడింది. షోరూం నలభై కిలోమీటర్ల అవతల ఉంది. ఆయిలు నల్లగా చిక్కబడి ఉంది. అప్పుడు షెడ్డు మేస్త్రి దగ్గరికి పోయాను.

అతను కోయ పిలగాడు. ఎనిమిదో తరగతిలో బడి మానేసి, భద్రాచలంలో ఒక షెడ్డులో ఏడేళ్లు పనిచేసి వచ్చాడు. నాలుగు కర్రలు పాతి పైన రేకు వేసుకుని మా బడి ఎదురుగా పెట్టుకున్నాడు. డ్రైన్ బోల్టు విప్పి పాత ఆయిలు పళ్లెంలోకి దించి, రెండు వేళ్ల మధ్య రుద్ది చూశాడు. "రజను లేదు సారూ, ఇంజను మంచిగుంది" అన్నాడు. సీలున్న డబ్బా నా ముందే విప్పి పోశాడు. నాలుగొందల లోపే అయింది. బిల్లు అడగాలని నాకు తోచలేదు, ఇవ్వాలని అతనికి తెలియదు. వాగులు తగ్గినాక సెప్టెంబరులో షోరూంకు పోతే వాళ్లు ఏమీ అనకుండా తర్వాతి సర్వీసుకు ముద్ర వేశారు. శబ్దం మొదలైంది 2023 ఫిబ్రవరిలో.

షోరూంలో తీర్పు విన్న రాత్రి ఆ పుస్తకం తీసి మొదటిసారి చదివాను, నిఘంటువు పక్కన పెట్టుకుని. అందులో ఆయిలు గురించి రెండు రకాల మాటలున్నాయి. ఒకటి గ్రేడు. ఈ గ్రేడు ఆయిలు వాడాలి, వేరే గ్రేడు వాడి ఇంజను చెడితే మా పూచీ లేదు. రెండోది బ్రాండు. మా కంపెనీ ఆయిలు వాడమని సిఫారసు చేస్తున్నాం. మొదటిది షరతు, రెండోది సిఫారసు. కౌంటరు కాడ ఈ రెంటినీ కలిపి ఒకటే చేసి చెప్తారు. మనం చదవమని వాళ్లకు తెలుసు.

గ్రేడు అంటే ఏందో కూడా అప్పుడే తెలుసుకున్నాను. నా బండికి రాసింది 10డబ్ల్యు-30. 10డబ్ల్యు అంటే చలిలో స్టార్టు చేసినప్పుడు ఆయిలు ఎంత తేలిగ్గా పారుతుందనే లెక్క. 30 అంటే ఇంజను కాగినప్పుడు ఎంత చిక్కదనం నిలుపుకుంటుందనే లెక్క. దాని పక్కన జాసో ఎంఏ2 అని ఉంటుంది. అది జపాన్‌ వాళ్లు 1998లో మోటారు సైకిళ్ల ఆయిలుకు పెట్టిన ప్రమాణంలో ఒక తరగతి. కారుకు లేని అవసరం బండికి ఏముందంటే, మన బండ్లలో ఇంజనుకూ గేర్లకూ క్లచ్‌కూ ఒకటే ఆయిలు. క్లచ్ ప్లేట్లు ఆ ఆయిలులోనే మునిగి ఉంటాయి. రాపిడి బాగా తగ్గించే మందులు కలిపిన కారు ఆయిలు పోస్తే ప్లేట్లు పట్టు తప్పి క్లచ్ జారుతుంది. గేరులేని స్కూటర్ల క్లచ్ ఆయిలులో మునగదు కాబట్టి వాటికి ఎంబీ అని వేరే తరగతి.

ఇక్కడ మనోళ్ల సంగతి కూడా దాచకుండా చెప్పాలి. మా వైపు ట్రాక్టరుకు పోయగా మిగిలిన డీజిలింజను ఆయిలు బండికి పోసేవాళ్లున్నారు. సంతలో లూజుగా అమ్మే ఆయిలు, వాడిన దాన్నే వడగట్టి రంగు తేల్చి అమ్మేది, చవగ్గా వస్తుందని పోసేవాళ్లూ ఉన్నారు. దానివల్ల ఇంజను పోతే వారంటీ ఇయ్యనంటే కంపెనీని తప్పు పట్టలేం. నేను అడిగేది అది కాదు. పోసింది ఏ ఆయిలో చూశారా? పాడైన పార్టుకు ఆ ఆయిలుకు సంబంధం ఏందో చూశారా? నా ఇంజను మూత కూడా తియ్యలేదు. ఊరి పేరు విని చెప్పేశారు.

మరి నా మేస్త్రి పోసింది ఏ ఆయిలు? నాకూ అనుమానం మొదలైంది. ఇది రాయడానికి సిగ్గుపడుతున్నాను గానీ నిజం. అతని చేతుల మీద నాకున్న నమ్మకం ఆ ఒక్క "అట్లాంటోళ్లు" మాటకు సగం కరిగిపోయింది. పొద్దున్నే పోయి అడిగాను. అతను నా ముఖం చూసి సంగతి పసిగట్టాడు.

"సారూ, ఏమన్న తప్పు జరిగుంటే నాదే. నెలకింత లెక్కన ఇస్త. కిట్టు నేనే ఎక్కిస్త."

"తప్పెక్కడిది తమ్ముడూ, నేను డబ్బా గురించి అడుగుతున్న."

"డబ్బానా? అది మీ బళ్లెనే ఉండె గద."

నిజమే. ఖాళీ ఆయిలు డబ్బాల్ని మా పిల్లలు అడుక్కొచ్చి అడ్డంగా కోసి, బడి వెనక కరివేప మొక్కలకు నీళ్లు పోయడానికి వాడతారు. మూడో తరగతి పిల్లలతో కలిసి వెతికాను. నాలుగు డబ్బాలు దొరికాయి. మూడు వేరేవి. నాలుగోది సగానికి కోసి ఉంది. మిగిలిన సగంలో లేబులు వానకు వెలిసిపోయింది గానీ చదవొచ్చు. 10డబ్ల్యు-30. జాసో ఎంఏ2. పుస్తకంలో ఏముందో అదే, అక్షరం తేడా లేకుండా. కంపెనీ బ్రాండు మాత్రం కాదు. అది నాకు పోసిన డబ్బాయేనని కోర్టులో రుజువు చెయ్యలేను. ఆ గ్రేడు డబ్బా షెడ్డులో నా ఒక్క బండికే తెప్పించానని మేస్త్రి అన్నాడు. అది నాకు చాలు. వాళ్లకు చాలదు. బిల్లు లేదు.

అప్పట్నుంచి చట్టాలు చదవడం మొదలుపెట్టాను. కార్యకర్తలకూ విద్యార్థులకూ పనికొస్తుందని కొంచెం వివరంగా రాస్తున్నాను. మన దగ్గర 1986 వినియోగదారుల చట్టం పోయి 2019 చట్టం వచ్చింది, 2020 జులై నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం వస్తువు ఎక్కడ కొన్నా, నువ్వు ఉండే చోటో పనిచేసే చోటో ఉన్న జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు చెయ్యొచ్చు. వస్తువుకు కట్టిన సొమ్ము అయిదు లక్షల లోపు అయితే ఫీజు లేదు. వకీలు లేకుండా నువ్వే మాట్లాడుకోవచ్చు. రెండేళ్ల లోపు వెయ్యాలి. పరీక్ష చేస్తే తప్ప లోపం తేలదనుకుంటే కమిషన్ శాంపిలు తీసి ల్యాబుకు పంపించే ఏర్పాటు ఉంది. ఇది చదివినప్పుడు నేను పుస్తకం మూసి కాసేపు కూర్చున్నాను. తాత ఆసామి ముందు తోలు వంచి చూపించాడే, అదే పరీక్ష. చూసేవాడు లేక అది గాలిలో చేతులుగా మిగిలింది.

బయట మెకానిక్ దగ్గర పని చేయించినంత మాత్రాన వారంటీ మొత్తంగా రద్దనే షరతు మీద మన కాంపిటీషన్ కమిషన్ 2014 ఆగస్టులో ఒక పెద్ద ఉత్తర్వు ఇచ్చింది. పద్నాలుగు కార్ల కంపెనీల మీద 2,544.65 కోట్ల జరిమానా వేసి, అట్లా గుండుగుత్తగా రద్దు చేసే షరతు పెట్టొద్దన్నది. బయటి పని సరిగ్గా లేక నష్టం జరిగితే, ఆ నష్టం వరకే వారంటీ కాదనొచ్చు. అది కార్ల కేసు, బండ్లది కాదు, తర్వాత అప్పీళ్లు కూడా నడిచాయి. అందుకని దాన్ని జేబులో తీర్పులాగా పెట్టుకుని తిరగలేం, కానీ వాదనకు బలం. అమెరికాలో 1975 నుంచే చట్టం ఉంది. ఫలానా బ్రాండు సరుకు వాడితేనే వారంటీ అని షరతు పెట్టకూడదు, ఆ సరుకు ఊరికే ఇస్తే తప్ప, లేదా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ప్రత్యేకంగా ఒప్పుకుంటే తప్ప. 2022లో ఆ కమిషన్ హార్లే డేవిడ్‌సన్ మీద ఇదే విషయంలో చర్య తీసుకుని, బయటి పార్టులు వాడితే వారంటీ పోతుందనే మాటల్ని తీసేయించింది. లక్షల రూపాయల బండ్లెక్కే దొరల తగాదా, అడవి అంచున నా బండి తగాదా ఒకటేనని తెలిసి నవ్వొచ్చింది.

నేను కోర్టుకు పోలేదు. ముందు ఉత్తరం రాశాను, తెలుగులో. మూడే ప్రశ్నలు. పుస్తకంలో ఏ షరతు ప్రకారం కాదంటున్నారు? ఏ పార్టు పాడైంది, దానికి ఆయిలు కారణమని ఎట్లా తేల్చారు? ఈ జవాబు కాగితం మీద సంతకం పెట్టి ఇస్తారా? సర్వీసు వాళ్ల దగ్గర చేయించాలనే షరతు కూడా పుస్తకంలో ఉంది. అది నాకు ఎదురొచ్చే మాటే. అందుకే దాన్ని దాచకుండా, వరద రోజుల తేదీలు, రోడ్లు మూసిన సంగతి, తర్వాత వాళ్లే వేసిన ముద్ర, అన్నీ రాశాను. రిజిస్టర్డ్ పోస్టులో పంపి, 1915 నంబరుకు ఫోను చేసి అక్కడా ఫిర్యాదు నమోదు చేయించాను.

నోటితో వంద మాటలు చెప్పినవాళ్లు కాగితం మీద ఒక్క మాట రాయలేదు. ఆరు వారాల తర్వాత ఫోనొచ్చింది, బండి తీసుకురమ్మని. ఈసారి నా ముందే ఇంజను విప్పారు. పిస్టను మీద గీతల్లేవు, క్లచ్ ప్లేట్లు బాగున్నాయి. పోయింది ఒక పక్క బేరింగు, అదొక్కటే. విప్పిన మెకానిక్, పెద్దవయసాయన, నా వైపు వంగి మెల్లగా, "ఆయిలుదైతే ఇదొక్కటే పోదు సార్, అన్నీ పోతయ్" అన్నాడు. ఆ మాట పైకి చెప్పమంటే తల అడ్డంగా ఊపాడు. అతని ఉద్యోగం అతనిది.

బేరింగు మార్చారు, డబ్బు తీసుకోలేదు. చివర్లో జాబు కార్డు నా ముందు పెట్టారు. వారంటీ అని ఉండాల్సిన గళ్లో ఇంగ్లీషులో "గుడ్‌విల్" అని రాసి ఉంది.

"ఇదేంది?"

"మా తరఫున, మీకు సాయంగా చేసినం సార్. ఈసారికి."

ఈసారికి. కల్లం కాడ తాతకు గింజలు కొలిచేటప్పుడు కూడా ఆసామి ఇట్లనే అనేవాడట, "పోనీలేరా, ఈసారికి తీసుకో" అని. ఏడాదంతా చేసిన పనికి కూలిని దానంగా కొలిచేవాడు. నేను పెన్ను తీసి ఆ మాట కొట్టేసి వారంటీ అని రాశాను. మేనేజరు వచ్చాడు. కొట్టేసిన కార్డు చెల్లదన్నాడు, కొత్త కార్డులో మళ్లీ అదే రాయించాడు. గంటసేపు గొడవైంది. బడి టైము దాటిపోతోంది. అక్కడ మూడో తరగతికి సారు నేనొక్కణ్నే. ఆఖరికి ఆ మాట కిందనే తెలుగులో రాశాను: "ఇది నాకు చేసిన సాయం కాదు, వారంటీ కింద రావాల్సినది. ఆయిలు మీద పెట్టిన నిందను ఒప్పుకోను." సంతకం, తేదీ. ఫొటో తీసుకుని బండి ఎక్కాను. గెలిచానా అంటే చెప్పలేను. వాళ్ల రికార్డులో ఇంకా అది గుడ్‌విల్లే. కేసు వెయ్యమని మిత్రులన్నారు, బండి బాగయ్యాక దేనికి వేస్తామని ఊరుకున్నాను. ఊరుకోకుండా ఉండాల్సిందని ఇప్పుడు అనిపిస్తుంది.

మేస్త్రికి సంగతంతా చెప్పాను. కోసిన డబ్బా అతని చేతికిచ్చి లేబులు చదివి వినిపించాను, ఎంఏ2 అంటే ఏందో, ఎంబీ అంటే ఏందో. అతను అన్నీ విని, "పేర్లు నాకు తెల్వదు సారూ. ఎంబీ డబ్బా పోస్తే క్లచ్ జారుద్దని మాత్రం తెలుసు" అన్నాడు. వారం తర్వాత భద్రాచలం పోయినప్పుడు ఒక బిల్లు పుస్తకం కొనుక్కొచ్చుకున్నాడు, కార్బను పేపరుతో సహా.

తర్వాతి ఆయిలు మార్పుకు షోరూంకే పోయాను, కూపను ఉంది కాబట్టి. అవి అయిపోయాక మళ్లీ షెడ్డుకు పోయాను. అతను సీలు విప్పి, డబ్బా మీది అక్షరాలు చూస్తూ ఒక్కొక్కటే బిల్లు మీదికి దించాడు. తేదీ, బండి నంబరు, కిలోమీటర్లు, గ్రేడు, ధర. చాలాసేపు పట్టింది. వెనక ఇద్దరు బండ్లతో నిలబడ్డారు. చింపి ఇస్తూ, "సంతకం యాడ పెట్టాలె సారూ?" అన్నాడు. చూపించాను.